పిడి పాడవడం పెట్టెలోనే మొదలవుతుంది

(పాత పనిముట్లు బాగుచేసి వాడుకునేవారి సమావేశంలో చేసిన ప్రసంగం. చివర సభికుల ప్రశ్నలు, జవాబులు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

మాట్లాడటానికి ముందు ఈ పెట్టె ఒకసారి తెరుస్తాను. ముందు వరసలో ఉన్నవాళ్లు ఏమీ అనుకోకండి, వాసన వస్తుంది. వచ్చిందా? ముక్కిపోయిన వెన్న వాసన. కొంతమందికి వాంతి వాసనలా కూడా అనిపిస్తుంది. ఇది మా నాన్నగారి టూల్ బాక్సు. ఆయన పోయాక చాలా ఏళ్లు దీన్ని ఎవరం ముట్టుకోలేదు. మొదటిసారి మూత తీసినప్పుడు లోపల ఎలుక చచ్చి ఉంటుందనుకున్నాను. సామానంతా బయట పరిచి వెతికితే ఏమీ లేదు. ఒక్కో పనిముట్టునూ ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తే అప్పుడు తెలిసింది, వాసన ఈ స్క్రూడ్రైవర్ల పిడుల నుంచి వస్తోందని.

ఆ రోజు నుంచి పిడుల సంగతి పట్టుకున్నాను. ఇనుముకు పట్టే తుప్పు గురించి మనందరికీ ఎంతో కొంత తెలుసు. నూనె రాస్తాం, తడి తగలకుండా చూస్తాం, అయినా తుప్పు పడితే గీకేస్తాం. పిడి దగ్గరకొచ్చేసరికి మాత్రం "ప్లాస్టిక్కే కదా, దానికేమవుతుంది" అని వదిలేస్తాం. ప్లాస్టిక్ వందల ఏళ్లు ఉంటుందని విన్నాం కాబట్టి ఆ ధీమా. చెత్తకుప్పలో ముక్కలై పడి ఉండటం వేరు, చేతిలో పిడిగా పనికిరావడం వేరు. ఈ పెట్టెలో ఉక్కు ఇప్పటికీ నిక్షేపంగా ఉంది. పోయినవి పిడులే.

నన్ను అందరూ అడిగేది ఒకటే: "పిడి పాడవకుండా ఏం పూయమంటారు?" నేను చెప్పే జవాబు చాలామందికి నచ్చదు. పూసేదానికంటే పెట్టే చోటు ముఖ్యం అంటాను. ఎందుకో ఈ స్క్రూడ్రైవర్‌తోనే మొదలుపెడతాను. కెమెరా కొంచెం దగ్గరకు తీసుకురండి.

తేనె రంగులో, అవతలి వెలుగు కనిపించేలా ఉండే పిడి ఇది. ఇలాంటివి మీ అందరి దగ్గరా ఉండే ఉంటాయి. ఇప్పుడు చూడండి, దీనిమీద ఉప్పు పేరుకున్నట్టు తెల్లటి పొర. నిలువు గాడుల్లో దట్టంగా ఉంది, గట్ల మీద పల్చగా ఉంది. వేలితో రుద్దితే గట్ల మీదిది పోయింది, వేలికి మైనంలా కొంచెం జిడ్డు తగిలింది. గాడుల్లోది అలాగే ఉంది. చివర గుండ్రంగా ఉన్న చోట, అరచేయి ఆనే చోట, సాలెగూడులా సన్నటి గీతలు కూడా ఉన్నాయి. ఇవి దెబ్బ తగిలి పడ్డవి కావు. లోపలి పదార్థం తగ్గిపోయి పైపొర ముడుచుకున్నప్పుడు పడే గీతలు.

ఈ ప్లాస్టిక్ పేరు సెల్యులోజ్ ఎసిటేట్ బ్యుటిరేట్. పొట్టిగా సీఏబీ అంటారు. పత్తిలో, కలపలో ఉండే సెల్యులోజ్‌కు ఎసిటిక్ ఆమ్లం, బ్యుటిరిక్ ఆమ్లం అతికించి దీన్ని చేస్తారు. ఎసిటిక్ ఆమ్లం అంటే వినెగర్‌లో ఉండేదే. బ్యుటిరిక్ ఆమ్లం వెన్న ముక్కిపోయినప్పుడు పుట్టేది. ఆ పేరే లాటిన్‌లో వెన్నకు ఉన్న మాట నుంచి వచ్చింది. ఈ పిడి సుత్తి దెబ్బకు పగలదు, చేతికి చల్లగా తగలదు, జారదు, చూడటానికి అందంగా ఉంటుంది. అందుకే దశాబ్దాల తరబడి మంచి స్క్రూడ్రైవర్లకు, ఉలులకు దీన్నే వాడారు. అయితే అతికించిన ఆమ్లం ఎప్పటికీ అతుక్కునే ఉండదు. గాలిలో ఉన్న చెమ్మ, వేడి కలిసి దాన్ని కొద్దికొద్దిగా విడగొడతాయి. విడిపోయిన ఆమ్లం బయటికొస్తేనే మనకు వాసన.

ఇక్కడే అసలు విషయం ఉంది. బయటికొచ్చిన ఆమ్లం గాలిలో కలిసిపోతే ఫరవాలేదు. మూత బిగించిన పెట్టెలో అది ఎక్కడికీ పోలేదు. పిడి చుట్టూనే ఉండి, ఇంకా ఆమ్లం విడిపోవడానికి అదే ఊతం ఇస్తుంది. విడిపోయినకొద్దీ వేగం పెరుగుతుంది. ఒక పిడి మొదలుపెడితే పక్కనున్న పిడులు కూడా ఆ గాలిలోనే ఉంటాయి. పాత సినిమా రీళ్లను దాచే చోట పనిచేసేవాళ్లకు ఈ జబ్బు బాగా తెలుసు. ఎసిటేట్ ఫిల్ముకు ఇదే వస్తుంది, దాన్ని వినెగర్ సిండ్రోమ్ అంటారు. డబ్బా తెరవగానే ఘాటైన పుల్లటి వాసన కొడుతుంది, ఫిల్ము ముడుచుకుపోయి ఉంటుంది. మన స్క్రూడ్రైవర్‌ది, ఆ రీలుది ఒకే వంశం.

మా నాన్నగారు ఈ పెట్టెను ఎంతో జాగ్రత్తగా మూసి పెట్టేవారు. దుమ్ము పడకూడదని మూత అంచుకు గుడ్డ కూడా అతికించారు. ఆ జాగ్రత్తే ఈ పిడులకు చేటు చేసింది. ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. అందుకే ఈ మాట నలుగురికీ చెప్పాలని ఇంత దూరం వచ్చాను.

ఇప్పుడు రెండో పనిముట్టు. ఇది కటింగ్ ప్లయర్. దీని ఎర్రటి తొడుగు పీవీసీ. వేడి చేసిన ఇనుప కాళ్లను ద్రవంలా ఉన్న పీవీసీలో ముంచి తీస్తే ఇలా పట్టుకుంటుంది. పీవీసీ నిజానికి గట్టి పదార్థం. నీళ్ల పైపులు చూశారుగా, అదే పీవీసీ. దాన్ని మెత్తగా చేయాలంటే ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి ద్రవం కలపాలి. 1926లో వాల్డో సీమన్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త ఈ కిటుకు కనిపెట్టాకే మెత్తటి పీవీసీ వాడుకలోకి వచ్చింది. మెత్తటి తొడుగు బరువులో మూడో వంతు దాకా ఈ ద్రవమే ఉండవచ్చు. అది ప్లాస్టిక్‌తో రసాయనికంగా ముడిపడి ఉండదు. స్పాంజిలో నీళ్లలా మధ్యలో ఇరుక్కుని ఉంటుంది, అంతే. దారి దొరికితే బయటికొచ్చేస్తుంది.

దారి ఎలా దొరుకుతుందో ఈ ట్రే చూస్తే అర్థమవుతుంది. ఇది పెట్టెలో ఉండే ప్లాస్టిక్ ట్రే, పాలీస్టైరీన్‌తో చేసింది. ఇక్కడ ప్లయర్ కాళ్ల ఆకారంలో రెండు గుంటలున్నాయి, చూశారా? ఎవరూ కాల్చలేదు, నొక్కలేదు. ప్లయర్ కదలకుండా ఒకే చోట ఏళ్ల తరబడి పడుంది. తొడుగులోని ప్లాస్టిసైజర్ ట్రేలోకి దిగి దాన్ని మెత్తబరిచి కరిగించేసింది. స్కూలు రోజుల్లో రబ్బరు ముక్క ప్లాస్టిక్ స్కేలుకు అతుక్కుపోయి, ఊడదీస్తే స్కేలు మీద గుంట మిగలడం గుర్తుందా? అదీ ఇదే. ద్రవం వెళ్లిపోయిన వైపు తొడుగు గట్టిపడింది. గోరుతో నొక్కి చూడండి, పైవైపు గోరు దిగుతుంది, ట్రేకు ఆనిన వైపు దిగదు. పైవైపు ఏమో జిగటగా ఉంది. బయటికొచ్చి, పోవడానికి చోటు లేక పైన నిలిచిపోయిన ప్లాస్టిసైజర్ అది. దుమ్మంతా దానికే అంటుకుని నల్లగా కనిపిస్తోంది.

కాబట్టి పీవీసీకి సీఏబీకి ఎక్కడ తేడా వచ్చిందో గమనించండి. సీఏబీ పిడికి గాలి కావాలి. పీవీసీ తొడుగుకు గాలి ఎక్కువ తగిలేకొద్దీ ప్లాస్టిసైజర్ తొందరగా ఎగిరిపోతుంది. ఒకదానికి మంచిది ఇంకోదానికి చెడు. ఒకే పెట్టెలో అన్నీ కలిపి మూత వేస్తే ఏదో ఒకదానికి అన్యాయం జరుగుతుంది. మ్యూజియం వాళ్లు కూడా చివరికి వేటికవి విడదీసి పెట్టే పద్ధతికే వచ్చారు. 2008 నుంచి 2012 వరకు యూరప్‌లో పోపార్ట్ అనే పేరుతో మ్యూజియంలలోని ప్లాస్టిక్ వస్తువుల మీదే ప్రత్యేకంగా ఒక పరిశోధన ప్రాజెక్టు నడిచింది. ప్లాస్టిక్ వస్తువులు కాపాడేవాళ్లు మొదట చేసే పని పూత పూయడం కాదండీ. ఏది ఏ ప్లాస్టిక్కో గుర్తుపట్టి, పక్కపక్కన ఉండకూడనివాటిని విడదీయడం.

ఇక రబ్బరు. దీనిమీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే నేను పెద్ద తప్పు చేసింది ఇక్కడే.

రబ్బరు చెట్టు పాలు అలాగే వదిలేస్తే ఎండకు బంకగా, చలికి పెళుసుగా మారతాయి. చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే అది గట్టిపడి నిలుస్తుందని కనుక్కున్నాడు. 1844లో పేటెంటు తీసుకున్నాడు. అప్పటి నుంచే రబ్బరు పనిముట్లకు పనికొచ్చింది. కానీ ఆ రబ్బరులో కూడా ఒక బలహీనత మిగిలే ఉంది. దాని అణువు పొడవాటి గొలుసు. ఆ గొలుసులో వరసగా జంట బంధాలుంటాయి. గాలిలో ఉన్న ఓజోన్ సరిగ్గా వాటినే తెంచుతుంది. ఓజోన్ ఎంతో అక్కర్లేదు. వంద కోట్ల పాళ్ల గాలిలో కొన్ని పదుల పాళ్లు చాలు, అంటే మామూలు గాలిలో ఉండేదే.

ఈ సుత్తి పిడి మీది రబ్బరు తొడుగు చూడండి. మధ్యలో బాగానే ఉంది. కింద అంచు దగ్గర, కర్ర లావుగా ఉన్న చోట, చుట్టూ పగుళ్లు. అన్నీ పిడి పొడవునా నిలువుగా, ఒకదాని పక్కన ఒకటి వరసగా ఉన్నాయి. లావుగా ఉన్న చోట తొడుగు అడ్డంగా సాగదీసి ఉంది. ఓజోన్ పగులు ఎప్పుడూ సాగిన దిక్కుకు అడ్డంగా పడుతుంది. సాగని రబ్బరు మీద ఈ పగుళ్లు దాదాపు పడవు. అందుకే మధ్యలో బాగుంది. దీన్నిబట్టి మనం చేయగలిగినది ఒకటుంది. రబ్బరు పిడిని మడిచి, వంచి, సాగదీసి, బరువు కింద నలిగేలా పెట్టకూడదు. బిగుతైన తొడుగు వేసేటప్పుడు ఒక సైజు పెద్దది తీసుకోవడమే మేలు.

ఓజోన్ ఎక్కడెక్కడ పుడుతుందో కూడా చూసుకోవాలి. కార్బన్ బ్రష్‌లున్న డ్రిల్ మోటారులో నిప్పురవ్వలు కనిపిస్తాయి కదా, అక్కడ పుడుతుంది. ఆర్క్ వెల్డింగ్ దగ్గర పుడుతుంది. వాడి వేడిగా ఉన్న డ్రిల్‌ను రబ్బరు పిడులతో కలిపి పెట్టెలో మూసేయకండి.

ఇంకొకటి రాగి. రాగి సహజ రబ్బరును పాడుచేస్తుంది. పాత రోజుల్లో రబ్బరు తొడుగు వేసే రాగి తీగకు ముందు తగరం పూత వేసేవారు. ఆ పూత రబ్బరును రాగి నుంచి, రాగిని రబ్బరులోని గంధకం నుంచి కాపాడేది. కాబట్టి రాగి ముక్కలు, ఇత్తడి పొడి ఉన్న అరలో రబ్బరు పిడులు పడేయకూడదు.

నా తప్పు ఏమిటంటే, ఇలాంటి సుత్తే ఇంకొకటి ఉండేది. రబ్బరు మసకబారి ఎండిపోయినట్టు కనిపిస్తే, తుప్పు వదిలించడానికి వాడే నూనె స్ప్రేను తొడుగు మీద కూడా కొట్టి గుడ్డతో తుడిచాను. ఆ పూట నల్లగా నిగనిగలాడింది. నాకు చాలా సంతోషమేసింది. వారానికోసారి అలాగే చేశాను. మూడు నెలలకు తొడుగు ఉబ్బి, వదులై, పిడి మీద గిర్రున తిరిగింది. పెట్రోలు, కిరోసిన్, గ్రీజు, వాసెలిన్, ఏ పెట్రోలియం నూనె అయినా సహజ రబ్బరులోకి ఇంకి దాన్ని ఉబ్బిస్తుంది. ఉబ్బిన రబ్బరుకు బలం పోతుంది. ఆ సుత్తి ఎత్తినప్పుడు తొడుగుతో సహా జారితే ఎదుటివాడి తల పగిలేది. పిడి అందం కోసం నేను అంత ప్రమాదం తెచ్చిపెట్టాను. ఆ తర్వాత నూనె రాసేటప్పుడు ఇనుము వరకే రాస్తున్నాను, అదీ గుడ్డతో. స్ప్రే పిడి వైపు తిప్పను.

ఇప్పుడు మీలో చాలామందిని తికమక పెట్టే విషయానికి వస్తాను. పిడి మీద తెలుపు. "తెల్లగా అయింది, గీకేయాలా?" అని అడుగుతారు. ఏ తెలుపో తెలియకుండా గీకకండి.

రబ్బరు మీద సన్నటి తెల్లటి పొర ఉంటే అది చాలాసార్లు మైనం. తయారుచేసేటప్పుడే రబ్బరులో మైనం కలుపుతారు. అది మెల్లగా పైకొచ్చి పొరలా పరుచుకుని ఓజోన్‌ను లోపలికి రానివ్వదు. మీరు దాన్ని బ్రష్‌తో తోమేస్తే రబ్బరు కవచం ఊడబీకినట్టే. హెయిర్ డ్రయ్యర్‌తో కొన్ని క్షణాలు దూరం నుంచి వెచ్చగా గాలి కొట్టి చూడండి. మైనమైతే కరిగి మాయమవుతుంది, రబ్బరు మళ్లీ నల్లగా కనిపిస్తుంది. అలా కనిపిస్తే ముట్టుకోకుండా వదిలేయండి.

తేనె రంగు స్క్రూడ్రైవర్ మీది తెలుపు వేరు, అది ఇందాక చూశాం. వాసనే దాన్ని పట్టిస్తుంది. దాన్ని కడగాలి.

ఎండలో ఉన్న పాలీప్రొపిలీన్ పిడి మీద సుద్దపొడిలా రాలే తెలుపు ఇంకో రకం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైపొర అణువులను ముక్కలు చేశాయి. వేడి గాలికి కరగదు. వేలికి పొడి అంటుతూనే ఉంటుంది. దాన్ని కడిగి తెల్లదనం పోగొట్టవచ్చు గానీ పోయిన పొర తిరిగి రాదు. ఇక ముందు నీడలో పెట్టడమే మందు. కొనేటప్పుడు నల్లటి పిడి దొరికితే అదే తీసుకోండి. ఆ నలుపు కార్బన్ బ్లాక్ అనే మసిలాంటి పొడిది అయితే అది ఎండను తానే తాగి లోపలిదాన్ని కాపాడుతుంది.

నాలుగోది బూజు. చుక్కలు చుక్కలుగా ఉంటుంది, నేలమాళిగ వాసన వస్తుంది, చేతి జిడ్డు మిగిలిన చోట ఎక్కువ పెరుగుతుంది. తుడిస్తే పోతుంది, చెమ్మ పోకపోతే మళ్లీ వస్తుంది.

మెత్తటి గ్రిప్పులు బంకగా మారడం గురించి చాలామంది చీటీలు పంపారు. కొత్త డ్రిల్లులు, కట్టర్లు, టార్చిలైట్ల మీద వెల్వెట్‌లా ఉండే పూత ఉంటుంది. అది చాలాసార్లు పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్. గాలిలోని చెమ్మ దాన్ని లోపల నుంచి విడగొడుతుంది. వాడకపోయినా జరుగుతుంది. బీరువాలో మూడేళ్లు పడుంటే తీసేసరికి వేలికి అతుక్కుంటుంది. అది పైపూత మాత్రమే అయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో కొద్దికొద్దిగా తుడిచేయండి. కింద గట్టి ప్లాస్టిక్ బయటపడుతుంది. ముందు కనపడని మూల ఒక చుక్క వేసి చూడాలి. గ్రిప్పు మొత్తం మందాన బంకగా మారితే దాన్ని బాగుచేసే మార్గం లేదు. టాల్కం పౌడర్ చల్లితే నాలుగు రోజులు చేతికి అంటదు, అంతకుమించి దానితో ఒరిగేది లేదు. గ్రిప్పు ఊడదీసి కొత్తది వేసుకోవడమే.

దోమలు కుట్టకుండా చేతికి రాసుకునే మందు కూడా పిడులకు పడదు. వాటిలో డీట్ అనే పదార్థం ఉంటే అది చాలా రకాల ప్లాస్టిక్కులను మెత్తబరుస్తుంది. అది రాసుకున్న చేతులతో సీఏబీ పిడి పట్టుకుని పనిచేస్తే వేలిముద్రలు పిడి మీద అచ్చుపడతాయి. చెయ్యి కడుక్కుని పని మొదలుపెట్టండి.

కడగడం గురించి క్లుప్తంగా చెప్తాను. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు, మెత్తటి టూత్‌బ్రష్. దాదాపు అన్ని పిడులకూ ఇది చాలు. నానబెట్టకండి. పిడికీ ఉక్కు కడ్డీకీ మధ్య ఉన్న సందులోకి నీళ్లు దిగితే లోపల తుప్పు పడుతుంది. వాసన కొట్టే సీఏబీ పిడికైతే కప్పు నీళ్లలో అర చెంచా వంటసోడా కలిపి గుడ్డతో తుడవండి, వెంటనే మంచినీళ్ల గుడ్డతో ఇంకోసారి తుడవండి. ఒక రోజంతా గాలి ఆడే నీడలో వదిలేయండి. ఎసిటోన్, థిన్నర్ దగ్గరికి కూడా రానివ్వకండి, సీఏబీ వాటిలో కరిగిపోతుంది. స్పిరిట్ కూడా వద్దు. కడిగాక కూడా మసకగా ఉంటే ప్లాస్టిక్‌కు వాడే పాలిష్ పల్చగా పట్టించవచ్చు. ఆపైన మైక్రోక్రిస్టలైన్ మైనం సన్నగా రాస్తే వేలిముద్రలు, చెమ్మ కొంత ఆగుతాయి. అయితే లోపల విడిపోతున్న ఆమ్లాన్ని ఏ మైనమూ ఆపదు. ఆ సంగతి తెలిసి రాయండి.

వేడి సంగతి కూడా చెప్పాలి. రసాయన చర్యల వేగం ప్రతి 10 డిగ్రీలకూ సుమారు రెట్టింపు అవుతుందని ఒక మోటు లెక్క ఉంది. 25 డిగ్రీల గదిలో ఉన్న పిడికీ, 45 డిగ్రీల రేకుల షెడ్డులో ఉన్న పిడికీ నాలుగు రెట్ల తేడా. ఎండలో ఆపిన కారులో డాష్‌బోర్డు 70 డిగ్రీలు కూడా దాటుతుంది. ఏ పూతా ఆ తేడాను పూడ్చలేదు. ఇందాక "పూసేదానికంటే పెట్టే చోటు ముఖ్యం" అన్నది ఇందుకే.

ఇంకా పాత పిడులు మూడు రకాలున్నాయి. బేకలైట్ 1907లో లియో బేక్‌లాండ్ కనిపెట్టింది. నల్లగా, ముదురు గోధుమ రంగులో ఉంటుంది. ఇందులో రంపపు పొట్టులాంటి పొడి నింపి ఉంటుంది. పైన నునుపుగా ఉన్న రెజిన్ పొర పోతే లోపలి పొట్టు చెమ్మ పీల్చుకుంటుంది. తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టి మైనం రాయండి. గరుకు కాగితంతో మాత్రం రుద్దకండి. వేడి తట్టుకోవడానికి చేసిన కొన్ని పాత రకాల్లో ఆస్బెస్టాస్ కలిపేవారు, ఆ పొడి పీల్చడం ప్రమాదం. ఎబొనైట్ అంటే గంధకం ఎక్కువ వేసి గట్టిపరిచిన రబ్బరు. వెలుతురుకు నలుపు పోయి గోధుమ, ఆకుపచ్చ కలిసిన రంగులోకి తిరుగుతుంది. వేడినీళ్లు పోస్తే ఆ రంగు ఒక్కసారిగా బయటపడుతుంది. మూడోది సెల్యులాయిడ్. పాత చాకుల పిడుల్లో ఉంటుంది, రుద్దితే కర్పూరం వాసన వస్తుంది. ఇది చాలా తేలిగ్గా అంటుకుని భగ్గున మండుతుంది. సూది కాల్చి గుచ్చి పరీక్ష చేయమని ఎవరైనా చెబితే వినకండి. పగుళ్లు పడి జిగటగా మారుతుంటే మిగతావాటికి దూరంగా, చల్లగా, గాలి తగిలేచోట ఉంచండి.

ఇక మీరు అడగండి.

సభికుడు: ఎలక్ట్రీషియన్ ప్లయర్ తొడుగు పగిలిందండీ. పైన ఇన్సులేషన్ టేపు చుడితే సరిపోతుందా?

సరిపోదండీ. ఈ ఒక్క విషయంలో దయచేసి నా మాట వినండి. కరెంటు పని కోసం చేసిన పనిముట్ల మీద రెండు త్రిభుజాల గుర్తు, 1000 వోల్టులు అని రాసి ఉంటుంది. ఐఈసీ అనే అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ పెట్టిన ఐఈసీ 60900 అనే ప్రమాణం ప్రకారం పరీక్షించి ఆ గుర్తు వేస్తారు. చాలావాటికి రెండు రంగుల్లో రెండు పొరలుంటాయి. పై పొర అరిగి లోపలి రంగు కనిపించిందంటే ఇక కరెంటు పనికి వాడకూడదని. టేపు చుట్టినా, తొడుగు వేసినా ఆ పరీక్షకు విలువ ఉండదు. ఆ ప్లయర్‌ను మామూలు తీగలు వంచడానికి ఉంచుకోండి, ఆ గుర్తు గీకేయండి, ఇంట్లో ఇంకెవరూ నమ్మి వాడకుండా. గుర్తు లేని తేనె రంగు స్క్రూడ్రైవర్లను కూడా కరెంటు దగ్గర నమ్మకండి.

సభికురాలు: రబ్బరు పిడులు ఎండిపోతున్నాయి కదా, ఏదీ రాయకుండా ఎలా ఊరుకోమంటారు? సిలికాన్ నూనె అయినా వద్దా?

సిలికాన్ సహజ రబ్బరును ఉబ్బించదమ్మా, ఆ మాట నిజం. కానీ జారుతుంది. సుత్తికి, గొడ్డలికి అసలు వద్దు. పైగా ఆ చేతులతో ఏ చెక్కను ముట్టుకున్నా దానిమీద రంగు, జిగురు సరిగ్గా పట్టవు. వాడకుండా దాచేవాటికైతే కడిగి, పూర్తిగా ఆరబెట్టి, టాల్కం పౌడర్ పల్చగా అద్ది, మూసే సంచిలో వెలుతురు తగలకుండా పెట్టండి. రబ్బరుకు మూసిన సంచి మంచిదే. ఓజోన్ లోపలికి రాదు. గట్టిపడిపోయిన రబ్బరును మళ్లీ మెత్తబరిచేది మాత్రం ఏదీ లేదు.

సభికుడు: మరి మా ఇంట్లో ఉన్నది ఒక్కటే పెట్టె. అన్నిటికీ అన్ని చోట్లు ఎక్కడ తేగలం?

ఒక్క పెట్టె చాలండీ. అందులో నుంచి వాసన కొట్టే తేనె రంగు పిడులు మాత్రం బయటికి తీసేయండి. గోడకు ఒక చెక్క కొట్టి, ఎండ పడని చోట రంధ్రాల్లో వేలాడదీయండి. ప్లయర్లు పెట్టెలోనే ఉండొచ్చు. ట్రేలో మాత్రం ప్లాస్టిక్‌కు ఆనకుండా కింద పల్చటి రేకు ముక్క వేయండి. ఫోమ్, థర్మోకోల్ వద్దు. రబ్బరువి ఇంకో సంచిలో, వాటి మీద ఏ బరువూ పెట్టకుండా. సిలికా జెల్ సంచులు రెండు పడేస్తే ఉక్కుకూ మేలు, చెమ్మతో విడిపోయే ప్లాస్టిక్కులకూ మేలు. రంగు మారినప్పుడు వేడిచేసి మళ్లీ వాడుకోండి.

సభికురాలు: మీ నాన్నగారి స్క్రూడ్రైవర్లు ఇంకా ఈ పెట్టెలోనే ఎందుకు ఉంచారు?

ఉంచలేదమ్మా. నాలుగేళ్లుగా అవి గోడకే ఉన్నాయి. గోడకు ఉన్నప్పుడు ముక్కు ఆనించి చూస్తే తప్ప వాసన తెలియదు. తెల్లపొర కూడా కడిగాక ఈ ఒక్కదాని మీద తప్ప మళ్లీ రాలేదు. ఇది మీకు చూపించడానికని కడగకుండా ఉంచాను. పెట్టెను సోడా నీళ్లతో తుడిచి, వారం రోజులు తెరిచి ఎండలో పెట్టాను. ఇవాళ్టి కోసమని మొన్న సాయంత్రం వీటిని మళ్లీ లోపల పెట్టి మూత వేశాను. ఇందాక మూత తీయగానే మీకు కొట్టిన వాసన రెండు రాత్రులదే. ఇంటికి వెళ్లగానే తీసి వేలాడదీస్తాను.